షోషా తుపాకి: నాలుగక్షరముల పేరు
(ఒక పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



ఆయుధముల చరిత్ర యనగానే శూరులను గూర్చియు యుద్ధములను గూర్చియు వినవచ్చునని సభవారు తలంతురు. నేను నేడు ఒక తుపాకి పేరును గూర్చి మాత్రమే మాట్లాడదలచితిని. ఆ పేరు నాలుగే యక్షరములు: సి. ఎస్. ఆర్. జి. 1914-18 నాటి ప్రపంచ సంగ్రామమున ఫ్రెంచి కాల్బంటుల చేతికి వచ్చిన తేలికపాటి మరతుపాకి యిది. లోకము దీనిని షోషా యని పిలుచుచున్నది. ఆయుధములను గూర్చి ఇంగ్లీషున వ్రాయువారిలో పెక్కురు దీనిని మరతుపాకులన్నింటిలో కడు చెడ్డదని వ్రాసిరి. ఒకరు వ్రాసినదానిని చూచి మఱియొకరు వ్రాసిరి. కాని షోషా యనునది ఒక మనుష్యుని యింటిపేరు. ఆ నిందలో అతనికి చెందవలసినదెంత, ఇతరులకు చెందవలసినదెంత యను లెక్క తేలవలసియున్నది.

మొదట జాతినామము. ఇట్టి తుపాకిని ఫ్రెంచివారు 'ఫ్యూజీ మిత్రాయర్' అందురు. ఫ్యూజీ యనగా కాల్బంటు భుజమున మోయు తుపాకి. 'మిత్రాయ్' అను మాటకు వారి ప్రాతభాషలో చిల్లర యని యర్థము. రాగి డబ్బులు, లోహపు తునకలు, పనికిమాలిన ఇనుపముక్కలు. ఫిరంగిలో గుండునకు బదులు ఇట్టి ముక్కలను కూరి కాల్చు వాడుక వచ్చినపుడు ఆ దెబ్బకు చిల్లరపేరే నిలిచెను. పిదప గుండ్లను వరుసగా వెదజల్లు యంత్రము పుట్టగా దానికిని ఆ పేరే సంక్రమించెను. మనము మరను చూచి మరతుపాకి యంటిమి; వారు రాలెడి చిల్లరను చూచి పేరిడిరి. భుజమున మోయు తుపాకియు, చిల్లర చల్లు యంత్రమును ఒక్కటే కావలెనను కోరిక ఆ జంటపేరులోనే కానవచ్చుచున్నది.

ఆ కోరిక ఊరక పుట్టినది కాదు. యుద్ధారంభమున ఫ్రెంచివారికి గల మరతుపాకులు బరువైనవి. హాచ్‌కిస్ తుపాకి యొక్కటియే 24 కిలోలు. దానిని నిలుపు ముక్కాలిపీటయు రమారమి అంతే బరువు. కందకములో కూర్చుండి శత్రువు రాకకై కాచుకొనువానికి అది చాలును. కందకము వెడలి, ముళ్లతీగెలు దాటి, బురదలో ముందునకు పరుగెత్తువానికి అది కొఱగాదు. 1914, 1915 సంవత్సరములలో ఫ్రెంచి పదాతులు జర్మను మరతుపాకుల కెదురుగా ఒంటితూటా తుపాకులు పట్టుకొని పోయి వేలకొలది కూలిరి. తమ వెంట నడచివచ్చు మరతుపాకి యొక్కటి యున్నయెడల ఎందఱు బ్రతికెడివారో యను తలంపు ఆనాటి సేనానులను వేధించెను.

అట్టి తుపాకికై ప్రయత్నము యుద్ధమునకు పదేండ్లకు ముందే పారిసు చేరువనున్న ప్యుతో సైనిక కర్మశాలలో జరుగుచుండెను. లూయీ షోషా యను సైనికాధికారియు, షార్ల్ సుట్టేర్ అను ఆయుధశిల్పియు ఆ పనికి పూనుకొనిరి. వారెన్నుకొన్న పద్ధతిని వివరించెదను. ఏలయన తరువాతి కథకు అదియే మూలము. తుపాకి పేలినపుడు వెనుకకు తన్నుట మనమెఱుగుదుము. ఈ తుపాకిలో ఆ తాపునకు గొట్టమును, దాని వెనుకటి మూతయు ఒండొంటిని పట్టుకొని తూటా పొడవును మించి వెనుకకు జరుగును. అక్కడ మూత నిలిచిపోవును. గొట్టము స్ప్రింగు బలమున ఒంటరిగా ముందునకు పోవును. ఆ సందున ఖాళీగుల్ల బయట పడును. పిదప మూత క్రొత్త తూటాను త్రోసికొని ముందునకు పోవును. అంత పొడవుగల లోహపు ముద్ద ముందువెనుకలకు ఊగుచుండగా గురి నిలుపుట సామాన్యముకాదు. సరిగా ఒరిగి పట్టని సిపాయి చెక్కిలి వాచెడిది. వేగమును మందమే: నిమిషమునకు సుమారు 250 తూటాలు. అయినను బరువు 9 కిలోలే. అదియే దాని భాగ్యము.

ఈ తుపాకి తొలిరూపమునకు సి. ఎస్. అనియే పేరు: షోషా, సుట్టేర్. యుద్ధమునకు ముందు స్వల్పసంఖ్యలో మాత్రమే తయారైనది. 1915లో సేనాధిపతి జోఫ్రె దీనిని పెద్దయెత్తున చేయింపవలెనని పట్టుపట్టెను. అప్పుడొక చిక్కు వచ్చినది. ప్రభుత్వ ఆయుధశాలలన్నియు పెద్ద మరతుపాకులతోను, మామూలు తుపాకులతోను ఊపిరి సలుపకుండ నుండెను. ఇక చేయువారెవరు?

చేసినది సైకిళ్ల కార్ఖానా. పారిసు శివారున ల ప్రే-సేన్-జెర్వే యనుచోట 'గ్లాడియేటర్' అను సంస్థ యుండెను. 1891లో అలెగ్జాండర్ డర్రాక్ తన భాగస్వామితో కలిసి దానిని సైకిళ్ల తయారీకై స్థాపించెను. పిదప మోటారుబండ్లును చేయసాగిరి. గ్లాడియేటర్ అనగా రోమను రంగస్థలమున కత్తి పట్టి పోరాడు మల్లుడు. శాంతికాలమున సైకిలునకు పెట్టిన ఆ పేరు యుద్ధకాలమున మరతుపాకిపైకి ఎక్కుననుకొన్నవాడెవడు? కార్ఖానా నిర్వాహకుడు పాల్ రిబేరోల్ ఆ తుపాకిని తన యంత్రములకు తగినట్లు మార్చెను. ఉక్కుదిమ్మను తొలిచి చేయవలసిన దేహమునకు బదులు గొట్టమును వాడిరి, రేకును అచ్చొత్తిరి, మరచీలలతో బిగించిరి. లెబెల్ తుపాకి గొట్టములనే కొన కత్తిరించి దీనికి అమర్చిరి. ఆ విధముగా 'మోడలు 1915 సి. ఎస్. ఆర్. జి.' యనునది రూపొందెను. పేరున 1915 అని యున్నను సేనలకు విరివిగా అందినది 1916లోనే.

ఇప్పుడా యక్షరములను చదువుకొందము. సి యనగా షోషా, యోచించినవాడు. ఎస్ అనగా సుట్టేర్, చేతితో చేసి చూపినవాడు. ఆర్ అనగా రిబేరోల్, వేలకొలది తయారగునట్లు మలచినవాడు. జి యనగా గ్లాడియేటర్, అది తయారైన కార్ఖానా. ఒక సైన్యము తన యాయుధమునకు పెట్టుకొన్న పేరులలో ఇంత న్యాయమైన పేరు తఱచుగా కానరాదు. అధికారి పేరు ప్రక్కనే శిల్పి పేరును, కార్ఖానా నిర్వాహకుని పేరును, తుదకు కార్ఖానా పేరును చోటుచేసికొన్నవి. ఆ కాలమున పారిసు పరిసరములందలి యాయుధశాలలలో వేలకొలది స్త్రీలు పనిచేసిరి. వారికొక యక్షరము లేదు గాని, ఏ దేశపు తుపాకి పేరులో నున్నది?

పలుకుటకు సులువుగా నుండునని నాలుగింటిలో మొదటిదానిని మాత్రము లోకము పట్టుకొన్నది. తక్కిన ముగ్గురును తప్పించుకొనిరి.

తూటాను గూర్చి చెప్పక ముందునకు పోరాదు. పేరుల విషయమున అదియు ఒక వింతయే. ఫ్రెంచి రసాయనవేత్త పాల్ వియేల్ 1884లో పొగరాని మందును కనిపెట్టెను. ఆ మందుతో కాల్చు తుపాకిని 1886లో యుద్ధమంత్రి బులాంజే మిక్కిలి తొందరపెట్టి చేయించెను. క్రొత్త తూటాను మొదటినుండి యోచించుటకు వ్యవధి లేదు. 11 మిల్లీమీటర్ల ప్రాత గుల్లనే మెడ నొక్కి 8 మిల్లీమీటర్లకు దించిరి. అడుగున లావుపాటి అంచు, పైకి పోను పోను సన్నబడు దేహము. ఇదియే లెబెల్ తూటా. లెబెల్ అను కర్నలు చేసినది ఆ తూటాకొనయందలి గుండు మాత్రమే. తుపాకి యంతటికిని తన పేరు పెట్టవలదని ఆయన మొఱపెట్టుకొన్నను ఎవరును వినలేదు. చేయనిదానికి కీర్తి ఆయనకు బలవంతముగా అంటగట్టబడెను. షోషాకు అంటినది మఱియొకటి.

అట్టి తూటాలను ఒకదానిపై నొకటి పేర్చిన నిలువుగా నిలువవు, వంకర తిరుగును. ఇరువది పేర్చిన అర్ధచంద్రమగును. కావుననే సి. ఎస్. ఆర్. జి. క్రింద వ్రేలాడు తూటాలపెట్టె అర్ధచంద్రాకారము. ముప్పది యేండ్ల క్రిందట ఒక మంత్రి పడిన తొందర ఈ వంకరకు కారణము. ఇది చాలదన్నట్లు, తూటాలెన్ని మిగిలినవో కంటికి కానవచ్చుటకై ఆ పెట్టె ప్రక్కను తెఱచి విడిచిరి. కందకములలోని బురద ఆ కిటికీగుండ లోనికి పోవుటకు ఎవరి యనుమతియు అక్కఱలేకపోయెను. రేకు పలుచన, చేతినుండి జాఱిపడిన సొట్టపోవును, సొట్టపోయిన తూటా పైకెక్కదు. తుపాకి ఆగిపోయిన సందర్భములలో అధికభాగమునకు ఈ పెట్టెయే కారణమని తేలినది. అనుభవశాలురైన సిపాయిలు ఇరువదికి బదులు పదునెనిమిదో పదునాఱో తూటాలు నింపి ఎట్లో పని జరుపుకొనెడివారు. ఎడతెగక నూఱు తూటాలకు మించి కాల్చిన గొట్టము వేడెక్కి ఉబ్బి, వెనుకకు పోయినది పోయినట్లే నిలిచెడిది; చల్లాఱువఱకు కదలదు. గురిచూచు ముల్లును అన్ని తుపాకులలో సరిగా అమరలేదు.

ఈ దోషములన్నియు నిజములే, దాచవలసినది లేదు. శత్రువు ఎదుట నిలిచియుండగా ఆగిపోయిన తుపాకి దానిని పట్టుకొన్నవాని ప్రాణము తీయును. ఆ చచ్చినవాని తల్లికి కార్ఖానావారి యిబ్బందులు చెప్పి యేమి లాభము? కాని ఎదుటి తట్టును చూడవలయును. ఈ తుపాకి సుమారు 2,60,000 తయారైనది. ఆ యుద్ధమున మఱి ఏ మరతుపాకియు ఇంత సంఖ్యలో చేయబడలేదు. మేలైన తుపాకులు వందలుగా వచ్చుచున్నచోట నాసిరకపుదే యైనను వేలుగా వచ్చినది. దానివలన ఫ్రెంచి పదాతిదళపు కూర్పే మాఱినది: తుపాకి కాల్చువాడు, తూటాల సంచి మోయువాడు, చేతిబాంబులు విసరువారు కలిసి ఒక చిన్న జట్టుగా, ఆ మరతుపాకి చుట్టును అల్లుకొని ముందునకు సాగుట 1917, 1918 సంవత్సరములలో వారి యుద్ధపద్ధతి యయ్యెను. భుజమునకు పట్టీ తగిలించుకొని నడచుచునే కాల్చుటకు అభ్యాసము చేసిరి. నేడు పెక్కు దేశముల పదాతిదళములందును ఒక తేలికపాటి మరతుపాకి చుట్టును చిన్నజట్టు కూడు పద్ధతియే కానవచ్చుచున్నది.

మఱి 'కడు చెడ్డది' యను బిరుదు ఎక్కడిది? అది అమెరికానుండి వచ్చినది. 1917 ఏప్రిలున అమెరికా యుద్ధమున దిగునాటికి దాని సైన్యమునకు చాలినన్ని మరతుపాకులు లేవు. ఫ్రాన్సుకు వచ్చిన అమెరికను దళములు మొదట 8 మిల్లీమీటర్ల సి. ఎస్. ఆర్. జి. తుపాకులను సుమారు 16,000 కొనెను. ఇవి ఫ్రెంచివారు వాడుకొన్నవే, గుణదోషములును అవియే. పిదప అమెరికనులు తమ సొంత 30 క్యాలిబరు తూటాకు సరిపోవునట్లు మార్చి యిమ్మని కోరిరి. ఆ తూటా లెబెల్ కంటె బలమైనది. కార్ఖానాలో ఆ మార్పు సరిగా జరుగలేదు. తూటా కూర్చుండవలసిన గది కొలత ప్రకారము తొలువబడలేదు. పేలిన గుల్ల గోడలకు కఱచుకొని బయటకు రాదు, తుపాకి బిగిసిపోవును. అట్టివి సుమారు 19,000 తయారై అమెరికను సైన్యమునకు అప్పగింపబడెను. శిక్షణశిబిరములలోనే అనేకములు పనికిరావని త్రోసివేయబడెను. దొరికిన సిపాయి దానిని గోతిలో పాఱవేసి చచ్చినవాని తుపాకిని ఎత్తుకొనెడివాడు.

ఇంతకన్న మేలైన బ్రౌనింగ్ తుపాకి అమెరికనులకు అప్పటికే సిద్ధమగుచుండెను. కాని అది శత్రువు చేత చిక్కి అనుకరింపబడునను భయమున సేనాధిపతి పెర్షింగ్ 1918 సెప్టెంబరువఱకు దానిని యుద్ధరంగమునకు రానీయలేదు. అంతవఱకు అమెరికను సిపాయి షోషాతోనే కాలము గడపెను. యుద్ధము ముగిసి ఇంటికి పోయి తాను పడిన పాట్లు వ్రాసికొనునపుడు ఆ సిపాయి సి. ఎస్. ఆర్. జి. యని వ్రాయలేదు, 'షోషో' అని ఎగతాళిగా వ్రాసెను. ఇంగ్లీషున చదువు లోకమంతయు ఆ మాటనే నమ్మెను. 8 మిల్లీమీటర్ల తుపాకికిని, చెడ తొలిచిన 30 క్యాలిబరు తుపాకికిని భేదము మఱుగుపడెను. రెంటికి పేరొక్కటే గదా! 1995లో దెమెజోన్, బ్యుఫెతో అను నిరువురు పరిశోధకులు ఈ తుపాకిని గూర్చి ప్రత్యేక గ్రంథము ప్రకటించి ఆ భేదమును విడదీసి చూపువఱకు ఇంగ్లీషు గ్రంథములలో అధికభాగము పాతపాటనే పాడుచుండెను.

ఆ యమెరికనులలోనే దీనితో నిలిచి పోరాడినవారును కలరు. 1918 అక్టోబరు 16న షాతియోన్ గుట్టపై ఐడహో రాష్ట్రపు సామాన్య సిపాయి తామస్ నీబార్ రెండు కాళ్లకును గాయములు తగిలి, వెంటవచ్చిన వారందఱు కూలిపోగా, ఈ తుపాకితోనే ఎదురుదాడిని నిలువరించెను. పిదప పిస్తోలు చూపి పదునొకండుగురను బందీలుగా పట్టి తెచ్చెను. ఆయనకు వారి దేశపు అత్యున్నత శౌర్యపతకము లభించెను. ఆ కథను చెప్పునపుడు మాత్రము తుపాకి పేరు సామాన్యముగా ఎవరును చెప్పరు.

గ్రీకులు మఱియొక మార్గమున పోయిరి. ఆ యుద్ధమున వారికిని ఈ తుపాకులు వేలకొలది అందెను. వారు తుపాకిపై ముద్రించియున్న కార్ఖానా పేరును చూచి దానిని 'గ్లాడియేటర్' అనియే పిలిచిరి. నాలుగక్షరములలో మొదటిది అమెరికనులు తీసికొనిరి, కడపటిది గ్రీకులు తీసికొనిరి. ఏథెన్సులో షోషాను తిట్టినవాడు లేడు. ఇదే తుపాకి పోలండునకు, బెల్జియమునకు, సెర్బియాకు, రుమేనియాకు పోయినది. స్పెయిను అంతర్యుద్ధమునను, 1939-40 శీతకాలమున రష్యాతో పోరాడిన ఫిన్లాండులోను మరల కానవచ్చెను.

ఫ్రెంచి తుపాకుల పేర్లు సముద్రము దాటి మాఱుట ఇదే మొదలు కాదు. ఆ దారిలో మన సిపాయిలును తటస్థపడుదురు. పారిసు చేరువ సేన్-దెనీలోని హాచ్‌కిస్ కార్ఖానా 1909లో ఒక తేలికపాటి మరతుపాకిని చేసెను. ఆ కార్ఖానా స్థాపకుడు బెంజమిన్ హాచ్‌కిస్ అమెరికా దేశస్థుడు, 1885లోనే మరణించెను. తుపాకిని రూపొందించినవారు లారెన్స్ బెనే, ఆన్రీ మెర్సియే యనువారు. ఇంగ్లండు దానిని చనిపోయినవాని పేరున హాచ్‌కిస్ అనెను. అమెరికా చేసినవారి పేరున బెనే-మెర్సియే అనెను. 1916 మార్చిలో మెక్సికో నాయకుడు పాంచో వియ్యా న్యూమెక్సికోలోని కొలంబస్ ఊరిపై రాత్రివేళ దాడిచేయగా ఈ తుపాకులు చీకటిలో చిక్కుపడెనని పత్రికలు గోలచేసి 'పగటి తుపాకి' యని పేరు పెట్టెను. నిజమునకు అవి ఆ రాత్రి వేలకొలది తూటాలు కాల్చెను. పగటి తుపాకి యని అమెరికనులు నవ్విన ఆ తుపాకినే భారతీయ ఆశ్వికదళములు ఫ్రాన్సులోను, పాలస్తీనాలోను గుఱ్ఱములపై మోసికొనిపోయి పోరాడెను.

బెర్తియే అను ఫ్రెంచివాని రూపకల్పన కథయు అట్టిదే. అతని తేలికపాటి మరతుపాకిని స్వదేశము స్వీకరింపలేదు. 1925లో ఇంగ్లండునందలి విక్కర్స్ సంస్థ హక్కులు కొని తన పేరును ముందు తగిలించి విక్కర్స్-బెర్తియే అనెను. బ్రిటిషు సైన్యము చెకోస్లోవేకియా తుపాకిని ఎన్నుకొని, బ్రునో, ఎన్‌ఫీల్డ్ అను రెండూళ్ల పేర్ల మొదళ్లు కలిపి 'బ్రెన్' అనెను. భారత సైన్యము మాత్రము 1933లో విక్కర్స్-బెర్తియేను స్వీకరించెను. అది బెంగాలునందలి ఈషాపురము కర్మాగారమున తయారైనది. రెండవ ప్రపంచయుద్ధమున మన జవానులు దానితో పోరాడిరి. ఫ్రెంచివాని యోచన, ఇంగ్లీషువాని వ్యాపారము, మన కార్మికుల చేతిపని: పేరునకు మొదటి రెండే ఎక్కినవి.

ఫ్రాన్సు సి. ఎస్. ఆర్. జి. తరువాత ఏమి చేసినదో చెప్పి ముగించెదను. 1924లో షాతెల్రో ఆయుధశాలలో రైబెల్ అను సైనికాధికారి క్రొత్త తేలికపాటి మరతుపాకిని రూపొందించెను. వంకర లెబెల్ తూటాను విడిచి 7.5 మిల్లీమీటర్ల క్రొత్త తూటాను చేసిరి. తూటాలపెట్టెను క్రిందనుండి తీసి బురదకు దూరముగా పైన పెట్టిరి. రెండు మీటలు పెట్టిరి: ఒకటి ఒక్కొక్క తూటాకు, రెండవది వరుసగా కాల్చుటకు. కాని ఆ తూటా గుల్ల పొడవు 58 మిల్లీమీటర్లు; జర్మను మౌజర్ తూటా గుల్ల 57. ఒకదాని బదులు మఱియొకటి దూర్చుటవలన ప్రమాదములు సంభవించెను. 1929లో గుల్లను 54కు తగ్గించి తుపాకిని దానికి సరిపఱచిరి. ఆనాటినుండి దాని పేరు 24/29. తప్పు జరిగిన సంవత్సరమును, దిద్దుకొన్న సంవత్సరమును ఆ పేరుననే యున్నవి. అది మంచి తుపాకి. రెండవ ప్రపంచయుద్ధమునను, ఇండోచైనాలోను, 1954-62 నాటి అల్జీరియా యుద్ధమునను పనిచేసెను. దానిని రైబెల్ అని పిలిచినవాడు లేడు. చెడ్డ తుపాకికి మనుష్యుని పేరు, మంచి తుపాకికి అంకెలు!

కడపట మన పత్రికలవారికి ఒక విన్నపము. ఇంగ్లీషు అక్షరములను చూచి 'చౌచాట్' అని తెలుగున వ్రాయుట కద్దు. ఆ యింటిపేరును ఫ్రెంచివారు షోషా యని పలుకుదురు. కడపటి 'ట' కారము వినబడదు. మన లిపిలో ఆ ధ్వని నిక్కముగా వ్రాయవచ్చును గాన అట్లే వ్రాయుడు. వీలున్నచోట సి. ఎస్. ఆర్. జి. అని నాలుగక్షరములును వ్రాయుడు. అమెరికను సిపాయిల పాట్లను గూర్చి వ్రాయుచున్నయెడల అది 8 మిల్లీమీటర్లదో, 30 క్యాలిబరుదో విడమరచి చెప్పుడు.